'ఆల్ ద మనీ ఇన్ ద వరల్డ్' చూశాక: పిల్లాడే ఆడిన నాటకం అని అందరూ ఎందుకు అనుకున్నారు?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. శనివారం రాత్రి 'ఆల్ ద మనీ ఇన్ ద వరల్డ్' చూశాను. రిడ్లీ స్కాట్ సినిమా, 2017లో వచ్చింది. నిజంగా జరిగిన కథ అని తెలుసు గానీ ఇంత దగ్గరగా తగులుతుందనుకోలేదు. ఇంట్లో పదహారేళ్ల కొడుకు ఉన్నాడు, అందుకేనేమో.

చూడనివాళ్ల కోసం కథ చెప్తాను. 1973 జులై 10, తెల్లవారుజామున మూడు గంటల వేళ. రోమ్‌లో పియాజ్జా ఫర్నేసే అనే చోట పదహారేళ్ల పాల్ గెట్టీని బండిలోకి లాగేసి తీసుకుపోయారు. వాడి తాత జె. పాల్ గెట్టీ, చమురు వ్యాపారి, ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరు. కిడ్నాపర్లు కోటీ డెబ్భై లక్షల డాలర్లు అడిగారు. అప్పటి మారకంలో మన 13 కోట్ల రూపాయలు. తాత ఒక్క పైసా ఇవ్వనన్నాడు. నాకు పద్నాలుగురు మనవలున్నారు, ఈ రోజు ఒకడికి డబ్బిస్తే రేపు పద్నాలుగురినీ ఎత్తుకుపోతారు అన్నాడు.

తాత పిసినారితనం గురించి అందరూ మాట్లాడతారు. నన్ను పట్టుకున్నది అది కాదు. పిల్లాడు మాయమయ్యాక మొదటి కొన్ని వారాలు ఇంటివాళ్లూ పోలీసులూ పత్రికలవాళ్లూ అందరూ ఒకే మాట అన్నారు: "వాడే చేసుకుని ఉంటాడు." డబ్బు కోసం తనను తానే కిడ్నాప్ చేయించుకుంటానని వాడు అంతకుముందు స్నేహితుల దగ్గర నవ్వులాటకు అన్నాడట. బడిలోంచి తీసేశారు, జుట్టు పెంచాడు, రాత్రిళ్లు తిరిగేవాడు. అంతే, ఆ పిల్లాడి మీద అందరికీ నమ్మకం పోయింది. ఆ నమ్మకం లేకపోవడమే వాడిని అయిదు నెలలు కొండల్లో గొలుసుతో కట్టి ఉంచిందని నాకనిపించింది.

పదో తరగతికి ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెప్తున్నాను. అల్లరి పిల్లాడు నిజం చెప్పినా మనం రెండోసారి అడుగుతాం. ఈ విషయం మీద మీరేమంటారో వినాలని ఈ థ్రెడ్ మొదలుపెట్టాను. కథ నిజమైనదే కాబట్టి స్పాయిలర్లు ఉంటాయి.

రీలుపెట్టె:
మంచి థ్రెడ్ మేడమ్. ముందు సినిమా సంగతి చెప్తాను. తాత పాత్ర ముందు చేసింది కెవిన్ స్పేసీ. సినిమా పూర్తయింది, ట్రైలర్ కూడా వచ్చింది. 2017 అక్టోబరు చివర్లో ఆయన మీద లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చాయి. స్కాట్ ఆ పాత్రను మొత్తం తీసేసి క్రిస్టఫర్ ప్లమర్‌తో మళ్లీ తీశాడు. నవంబరు 20 నుంచి 29 దాకా షూటింగ్, ఖర్చు కోటి డాలర్లు. సినిమా డిసెంబరు 25కి థియేటర్లలో ఉంది. ఆ పాత్రకే ప్లమర్ ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నాడు, అప్పటికి ఆయనకు 88 ఏళ్లు. నటన విభాగంలో అంత పెద్ద వయసులో నామినేషన్ అందుకున్నవాళ్లు అంతకుముందు లేరు.

చూస్తున్నప్పుడు ఎక్కడా అతుకు కనపడదు. ఎడారి సీన్‌లో రైలు దిగుతున్న గెట్టీ ఒక్కటే కొంచెం తేడాగా అనిపిస్తుంది, మిగతాదంతా మొదటి నుంచీ ప్లమర్ కోసమే రాసినట్టుంది.

పిల్లాడి పాత్ర చేసిన చార్లీ ప్లమర్‌కీ ఈయనకీ చుట్టరికం లేదు, ఇంటిపేరు కలిసింది అంతే.

ఓరుగల్లు_పోరడు:
నేను గూడ ఈ సినిమా రెండు సార్లు చూసిన. గా బొమ్మ సీన్ యాదికుందా? మనవని చిన్నప్పుడు తాత వానికి ఒక మినటార్ బొమ్మ, అంటే ఎద్దు తలకాయ ఉన్న మనిషి బొమ్మ, ఇస్తడు, ఇది శానా విలువైందని చెప్తడు. కిడ్నాప్ అయినంక తల్లి దాన్ని అమ్ముదామని వేలంపాటల దగ్గరికి తీస్కపోతది. గది మ్యూజియం దుకాణంల అమ్మే బొమ్మ, పదిహేను డాలర్ల సరుకు అని చెప్తరు. ఆమె మొఖం చూడాలె అప్పుడు. మిషెల్ విలియమ్స్ ఏడ్వదు, గొంతు గూడ పెంచదు. గంతే, బొమ్మను తీస్కొని సంచిల పెట్టుకుంటది.

పిలగాండ్లకు మనం ఇచ్చే మాటలు గట్లనే ఉంటయని నాకనిపించింది అక్కా. వాడు దాన్ని నిజమనుకొని దాచుకున్నడు.

పాతపత్రిక:
ముప్ఫయ్యేళ్లు డెస్క్‌లో పనిచేసినవాణ్ణి. నేను చెప్పేది చెవి సంగతి.

అక్టోబరులో ఆ పిల్లాడి కుడి చెవి కోశారు. కొంత జుట్టు, చెవి ఒక కవరులో పెట్టి రోమ్ దినపత్రిక 'ఇల్ మెస్సాజ్జెరో'కు పంపారు. అప్పుడు ఇటలీలో తపాలా సమ్మె. ఆ కవరు మూడు వారాలకు పైగా ఎక్కడో తపాలా సంచుల్లో పడి ఉండి నవంబరులో పత్రికకు చేరింది. పది రోజుల్లో డబ్బు రాకపోతే రెండో చెవి వస్తుందని, పిల్లాడు ముక్కలుముక్కలుగా ఇంటికి చేరతాడని అందులో బెదిరింపు. అంటే ఆ మూడు వారాలూ కిడ్నాపర్లు జవాబు కోసం చూస్తున్నారు, ఇంటివాళ్లకు ఉత్తరం వచ్చిందనే తెలియదు. పిల్లాడు మాత్రం ఆ గాయంతో, జ్వరంతో దక్షిణ ఇటలీలోని కలాబ్రియా కొండల్లో ఉన్నాడు.

సినిమా ఆ ఆలస్యాన్ని పట్టించుకోలేదు. నాకైతే కథ మొత్తంలో అన్నిటికంటే భయం వేసింది అక్కడే. ఒక సమ్మె, కదలని సంచీ, అందులో పిల్లాడి చెవి. దర్శకుడికి దీన్ని మించిన సన్నివేశం దొరుకుతుందా?

చెవి ఫొటో వేసే హక్కుల కోసం పత్రిక తల్లితో బేరం పెట్టే సన్నివేశం మాత్రం సినిమాలో ఉంది. మా రోజుల్లో కూడా తప్పిపోయిన పిల్లల వార్త వస్తే మొదట అడిగేది ఫొటో. 'తల్లి ఏడుస్తున్న ఫొటో ఉందా' అని అడగడం నేను చెవులారా విన్నాను. అలాంటివి అచ్చువేసిన పేజీలు నా చేతుల మీదుగానూ వెళ్లాయి. దానికి ఇప్పటికీ బాధపడతాను.

గోదారిగట్టు:
తపాలా సమ్మె సంగతి నాకు తెలియదండీ. చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మిలానో_తెలుగమ్మాయి:
నేను మిలాన్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను. గెట్టీ కేసు గురించి ఇక్కడివాళ్లను అడిగితే యాభై దాటినవాళ్లందరికీ గుర్తుంది. ఆ రోజుల్ని 'కిడ్నాపుల కాలం' అనే పిలుస్తారు. డెబ్భైల నుంచి ఎనభైల చివరి దాకా వందల మందిని ఎత్తుకుపోయారు. వ్యాపారుల పిల్లలు, డాక్టర్లు, చివరికి గాయకులు. ఫాబ్రిజియో దె అంద్రే అని ఇటలీవాళ్లు నెత్తిన పెట్టుకునే గాయకుడిని 1979లో సార్డీనియాలో, తర్వాత భార్య అయిన సహచరితో సహా ఎత్తుకుపోయి నాలుగు నెలలు దాచారు.

పాల్‌ని ఎత్తుకుపోయింది కలాబ్రియాకు చెందిన ముఠాలు, వాళ్ల సంఘాన్ని న్‌ద్రాంగెటా అంటారు. సిసిలీ మాఫియా వేరు, వీళ్లు వేరు. వీళ్లలో అంతా రక్తసంబంధాల మీద నడుస్తుంది, బావలూ మరుదులూ మేనల్లుళ్లే ముఠా. అందుకే ఎవరూ నోరు విప్పరు. కలాబ్రియాలో అస్ప్రోమోంతె అనే కొండల వరుస ఉంది, గుహలూ గొర్రెల కాపరుల పాకలూ తప్ప ఏమీ కనపడవు. ఒక మనిషిని దాచాలంటే అంతకంటే మంచి చోటు దొరకదు.

కేసులో తొమ్మిది మందిని పట్టుకున్నారు. శిక్ష పడింది ఇద్దరికే, మిగతావాళ్లు సాక్ష్యాల్లేక బయటపడ్డారు. ఇచ్చిన డబ్బులో చాలా భాగం ఇక దొరకనే లేదు. ఆ డబ్బుతో లారీలు కొని, జోయా తౌరో ఓడరేవు పనుల్లో రవాణా కాంట్రాక్టులు పట్టారని ఇక్కడ చెబుతారు. ఒక పిల్లాడి చెవి మీద ముఠా వ్యాపారం ఎదిగింది అనుకుంటే కడుపు తిప్పుతుంది.

1991లో ఇటలీ ఒక చట్టం తెచ్చింది. ఎవరినైనా కిడ్నాప్ చేస్తే ఆ కుటుంబం ఆస్తులన్నీ ప్రభుత్వం స్తంభింపజేస్తుంది, డబ్బు కట్టే వీలుండదు. ఆ తర్వాత కిడ్నాపులు తగ్గిపోయాయి. కానీ 1992లో సార్డీనియాలో ఏడేళ్ల పిల్లాడిని ఎత్తుకుపోయి చెవి కొంత కోసి పంపారు. గెట్టీ కేసు నేర్పిన పాఠం అది.

రీలుపెట్టె:
మిలానో గారు, ఒక సందేహం. అంటే తాత చెప్పిన సూత్రం, డబ్బిస్తే ఇంకా పెరుగుతాయి అన్నది, చివరికి ఇటలీ చట్టంగా మారినట్టే కదా? మరి ఆయనది తప్పని ఎలా అనగలం?

మిలానో_తెలుగమ్మాయి:
చట్టం అందరికీ ఒకటే అండీ. తల్లి చేతిలో ఏమీ ఉండదు, ప్రభుత్వం అడ్డుపడుతుంది, కిడ్నాపర్లకూ ఆ సంగతి ముందే తెలుసు. గెట్టీది అలా కాదు. డబ్బు ఉంది, ఇవ్వగలడు, ఇవ్వనని పత్రికలవాళ్ల ముందు చెప్పాడు. తర్వాత ఇచ్చాడు కూడా. ఎప్పుడు ఇచ్చాడు? చెవి వచ్చాక. అంటే కోస్తే డబ్బు వస్తుందని ఊరంతటికీ తెలిసింది. మొదట్లోనే ఇచ్చినా, చివరిదాకా ఇవ్వకపోయినా ఆ పాఠం వేరుగా ఉండేది. ఆయన చేసిన పద్ధతే అన్నిటికంటే చెడ్డదని నా అభిప్రాయం.

ఓరుగల్లు_పోరడు:
చెల్లె సక్కగ చెప్పింది.

ఇంకోటి. ఇచ్చిన పైసలు గూడ ఎట్లిచ్చిండో సూడుండ్రి. మొత్తం ముప్పై లక్షల డాలర్లకు కొంచెం తక్కువ. అండ్ల 22 లక్షలు ఆయన పెట్టుకున్నడు, ఎందుకంటే పన్నుల మినహాయింపు వచ్చేది గంతవరకే. మిగిలిన పైసలు సొంత కొడుక్కు, అంటే పిలగాని తండ్రికి, 4 శాతం మిత్తికి అప్పిచ్చిండు. మా ఊర్ల షావుకారు గూడ సావు బతుకుల మీదున్న పిలగాని కోసం మిత్తి అడుగడు.

రీలుపెట్టె:
సినిమాలో ఆ పన్ను మినహాయింపు సీన్ చాలా బాగా రాశారు. అలాగే ఇంట్లో అతిథుల కోసం నాణేలు వేసే పబ్లిక్ ఫోన్ పెట్టడం, హోటల్లో బట్టలు తనే ఉతుక్కోవడం. పబ్లిక్ ఫోన్ మాత్రం నిజంగానే ఇంగ్లండ్‌లోని ఆయన సట్టన్ ప్లేస్ భవనంలో ఉండేది.

తేడాలు కూడా చెప్పాలి. సినిమాలో పిల్లాడు విడుదలైన రాత్రే తాత చనిపోతాడు. నిజానికి ఆయన పోయింది 1976 జూన్‌లో, రెండున్నరేళ్ల తర్వాత. చివరి ఇరవై నిమిషాల్లో ఊరి వీధుల్లో తరుముకోవడాలు, తల్లి కారులో వెళ్లి కొడుకుని వెతకడం, అవన్నీ సినిమా కోసం పెట్టినవి. నిజంగా జరిగింది ఏమిటంటే, డిసెంబరు 15న లౌరియా అనే ఊరి దగ్గర వాడిని వదిలేశారు. పెట్రోలు బంకు దగ్గర, వానలో తడిసి, చలికి వణుకుతూ దొరికాడు. తరుముకోవడం ఏమీ లేదు. అదే తీసి ఉంటే బాగుండేది.

విశ్రాంత_ఖాకీ:
ఈ ఫోరమ్‌లో చదవడమే తప్ప రాయను. ఈ ప్రశ్న నాకే వేసినట్టుంది కాబట్టి రాస్తున్నాను.

హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. 'వాడే పోయుంటాడు' అనే మాట మేం ఎందుకు అంటామో చెప్తాను. పద్నాలుగు పదిహేడేళ్ల మధ్య పిల్లలు కనపడకపోతే ఎక్కువసార్లు వాళ్లంతట వాళ్లే వెళ్లి ఉంటారు. పరీక్ష పోయింది, నాన్న కొట్టాడు, సినిమాల్లో చేరాలి, ప్రేమ. మూడు రోజుల్లో ఆకలేసి తిరిగొస్తారు. పది సార్లు అలా జరిగితే పదకొండోసారి కూడా అలాగే అనుకుంటాం. ఆ పదకొండోది కిడ్నాప్ అయితే, పోయిన మూడు రోజులు మళ్లీ రావు. మొదటి ఇరవై నాలుగు గంటల్లో బస్టాండు, రైల్వే స్టేషను, లాడ్జీలు, స్నేహితుల ఇళ్లు చూడకపోతే ఆ తర్వాత చూసినా లాభం ఉండదు.

తొంభైల్లో ఒక తండ్రి వచ్చాడు. కొడుకు సైకిలేసుకుని ట్యూషన్‌కు వెళ్లి రాలేదన్నాడు. 'రెండు రోజులు చూడండి' అని పంపించేశాను. రెండో రోజు ఆయన మళ్లీ వచ్చాడు, సైకిలు మాత్రం దొరికింది. పిల్లాడు దొరికేసరికి నాలుగు నెలలు పట్టింది, వేరే రాష్ట్రంలో ఇటుకబట్టీ దగ్గర. ఆ తండ్రి నన్నేమీ అనలేదు. అన్నా బాగుండేది.

ఇప్పుడు ఆ మాట అనడానికి వీల్లేదు. 2013 మేలో సుప్రీం కోర్టు స్పష్టంగా చెప్పింది: పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు కనపడటం లేదని ఎవరు వచ్చినా ఎఫ్‌ఐఆర్ కట్టాలి, వేరే కారణమని తేలేదాకా కిడ్నాప్ గానీ అక్రమ రవాణా గానీ జరిగిందనే అనుకుని వెతకాలి. తల్లిదండ్రులు ఇది తెలుసుకుని స్టేషన్‌లో గట్టిగా అడగాలి. ఏ స్టేషన్‌కు వెళ్లినా కట్టాలి, మా పరిధి కాదు అనకూడదు. 1098 నెంబరు కూడా పిల్లల కోసమే ఉంది. తెలంగాణలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ అని చేస్తారు, అప్పుడు బట్టీల్లో, హోటళ్లలో, స్టేషన్లలో ఉన్న పిల్లలు చాలామంది బయటపడతారు.

గోదారిగట్టు:
మీరు ఇది రాసినందుకు నమస్కారం బాబాయ్ గారూ. మా బడి నోటీసు బోర్డులో ఆ 2013 సంగతి పెట్టిస్తాను. తల్లిదండ్రుల సమావేశంలో కూడా చెప్తాను.

సీమబిడ్డ:
ఖాకీ సార్, మీ పోస్ట్ చదివి చేతులు వణికినాయి. నాది కూడా చెప్తా.

మా తమ్ముడు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఫెయిల్ అయినాడు. రిజల్ట్ వచ్చిన రోజు సాయంత్రం ఇంట్లోంచి పోయినాడు, పదకొండు దినాలు రాలేదు. మా నాయన స్టేషన్‌కు పోతే, ఏ స్టేషనో వద్దులెండి, 'ఫెయిలయినాడు గదా, అదే వస్తాడు పో' అన్నారంట. ఊర్లో ఒకాయన 'అమ్మాయితో పోయినాడు' అన్నాడు. ఇంకొకాయన 'ఇంట్లో డబ్బులేమన్నా పోయినాయా చూసుకో' అన్నాడు. మా అమ్మ ఆ మాటకు పోయి బీరువా తెరిచి చూసింది. కొడుకు పోతే బీరువా చూసినానే అని ఆమె ఇప్పటికీ అంటుంది.

పన్నెండో దినం పొద్దున వచ్చినాడు. మద్రాసు పోయినానన్నాడు. అంతే. మేము 'వచ్చినావు చాలు' అన్నాము. ఎవరూ ఏమీ అడగలేదు. ఏమయిందని అడిగితే మళ్లీ పోతాడేమోనని భయం.

సినిమాలో నాకు నచ్చనిది అదే. ఆ పిల్లోడు ఇంటికి వస్తాడు. తల్లి కావలించుకుంటుంది. తర్వాత తాత ఆస్తి, బొమ్మలు, మ్యూజియం. ఆ పిల్లోడిని 'ఏమయింది రా నీకు అక్కడ' అని ఒక్కరూ అడగరు. సినిమా కూడా అడగదు.

రీలుపెట్టె:
ఇది చదివాక సినిమా మళ్లీ మొదటి నుంచీ పెట్టి చూశాను. మీరు చెప్పింది నిజం. మొదట్లో రాత్రిపూట రోమ్ వీధుల్లో నడుస్తూ పిల్లాడు పాల్ తనే మనకు కథ చెబుతాడు, వాడి గొంతు వినిపిస్తుంది. ఎత్తుకుపోయాక కొంతసేపటికి ఆ గొంతు ఆగిపోతుంది. అక్కణ్ణించి తల్లి, తాత, తాత దగ్గర పనిచేసే మాజీ సీఐఏ మనిషి చేస్ ఈ ముగ్గురి కథ. తప్పిపోయిన పిల్లాడి సినిమా అన్నారు గానీ, పిల్లాడు కనిపించినప్పుడల్లా వాడి దగ్గరున్న కిడ్నాపర్ చింక్వాంతా వైపే కెమెరా తిరుగుతుంది. రొమాఁ డ్యూరిస్ అద్భుతంగా చేశాడు, కాదనను. ఇంటివాళ్లకు ఫోన్ చేసి చింక్వాంతా అని పేరు చెప్పినవాడు నిజంగానే ఉన్నాడు. కానీ కిడ్నాపర్ మనసులో ఏముందో అంత చూపించి పిల్లాడి మనసు చూపించకపోవడం పెద్ద లోటు.

చేస్ విషయానికొస్తే సినిమా ఒక మంచి పని చేసింది. పిల్లాడే ఈ నాటకం ఆడి ఉంటాడని చేస్ తాతకు చెప్పే సీన్ ఉంది. ఆ మాటతో తాత తలుపు మూసేసుకుంటాడు. నిజంగా కూడా చేస్ కొంతకాలం అదే నమ్మాడని ఆ కుటుంబం గురించి రాసినవాళ్లు చెబుతారు. మేడమ్ మొదటి పోస్టులో అడిగిందానికి సినిమాలో జవాబు ఉన్న చోటు అదొక్కటే.

ఇదే కేసు మీద 2018లో 'ట్రస్ట్' అని పది భాగాల సిరీస్ వచ్చింది, డానీ బాయిల్ వాళ్లది. తాతగా డొనాల్డ్ సదర్లాండ్, పిల్లాడిగా హారిస్ డికిన్సన్. అందులో పిల్లాడికి చోటెక్కువ. సీమబిడ్డ గారు అది చూడండి.

పాతపత్రిక:
డబ్బు సంగతి ఒకటి మిగిలింది. ప్లమర్‌తో మళ్లీ తీసిన సన్నివేశాలకు, చేస్ పాత్ర వేసిన మార్క్ వాల్‌బర్గ్‌కు 15 లక్షల డాలర్లు ఇచ్చారు. తల్లి పాత్ర వేసిన మిషెల్ విలియమ్స్‌కు రోజుబత్తెం కింద వెయ్యి డాలర్ల లోపు. 2018 జనవరిలో పత్రికల్లో వచ్చాక వాల్‌బర్గ్ ఆ మొత్తాన్ని ఆమె పేరు మీద స్త్రీల న్యాయసహాయ నిధికి ఇచ్చేశాడు. కొడుకు కోసం డబ్బు అడగలేక నలిగిపోయే తల్లి పాత్ర చేసినామెకు ఇలా జరిగింది.

తోటరాముడు_ఎల్ఏ:
లాస్ ఏంజెలెస్ నుంచి. మా ఇంటికి ముప్పావు గంట దూరంలో గెట్టీ విల్లా ఉంది, తాత గెట్టీ కట్టించిన మ్యూజియం. వచ్చిన చుట్టాలందరినీ తీసుకెళ్తుంటాం, ప్రవేశం ఉచితం, ముందుగా టికెట్ బుక్ చేసుకుంటే చాలు. వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పడిపోయిన ఒక రోమన్ భవనాన్ని చూసి అలాగే కట్టించాడు. పొడవైన కొలను, చుట్టూ స్తంభాలు, చాలా అందంగా ఉంటుంది.

అది తెరిచింది 1974 జనవరిలో. అంటే మనవడు పెట్రోలు బంకు దగ్గర దొరికిన కొన్ని వారాలకే. పిల్లాడి కోసం బేరాలాడుతున్న ఆ నెలలన్నీ ఇక్కడ పాలరాతి పని జరుగుతోంది. పైగా 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపాయి, ధర కొద్ది నెలల్లో మూడు డాలర్ల నుంచి పన్నెండు దాకా ఎగబాకింది. ఆయన ఆస్తి రోజురోజుకూ పెరుగుతున్న కాలం అది. ఆ విల్లాను ఆయన ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు. ఇంగ్లండ్‌లోనే పోయాడు, తెచ్చి ఇక్కడ పాతిపెట్టారు. ఆస్తిలో పెద్ద వాటా మ్యూజియానికే రాసిపోయాడు.

ఈ సినిమా చూశాక మళ్లీ వెళ్లాను. కొలను పక్కన కూర్చోబుద్ధి కాలేదు.

ఓరుగల్లు_పోరడు:
పిలగాడు తర్వాత ఎట్లుండె? సినిమాల చెప్పలే.

మిలానో_తెలుగమ్మాయి:
చెప్పడం కష్టం అన్నయ్యా, అయినా చెప్తాను. విడుదలయ్యాక తల్లి చెప్తే తాతకు కృతజ్ఞత చెబుదామని ఫోన్ చేశాడు. తాత ఫోన్ దగ్గరికి రాలేదంటారు. 1974లో పెళ్లి చేసుకున్నాడు, కొడుకు పుట్టాడు. ఆ కొడుకే నటుడు బాల్తజార్ గెట్టీ. 1977లో చెవికి శస్త్రచికిత్స చేసి మళ్లీ ఆకారం తెచ్చారు. కానీ మందుకూ మత్తుకూ అలవాటు పడ్డాడు. 1981లో మత్తు పదార్థాలు, మందులు కలిసి కాలేయం దెబ్బతిని పక్షవాతం వచ్చింది. కాళ్లూ చేతులూ పడిపోయాయి, చూపు చాలా వరకు పోయింది, మాట పోయింది. అప్పటికి వాడికి ఇరవై నాలుగేళ్లు.

వైద్యం ఖర్చు నెలకు 28 వేల డాలర్లు. తండ్రి ఇవ్వనన్నాడు, తల్లి గెయిల్ కోర్టుకెక్కింది. 2011 ఫిబ్రవరి 5న, 54 ఏళ్ల వయసులో పోయాడు. దాదాపు ముప్ఫయ్యేళ్లు ఆ తల్లే చూసుకుంది.

తోటరాముడు_ఎల్ఏ:
ఆ తండ్రే తర్వాత లండన్‌లో పెద్ద దాత అయ్యాడు. నేషనల్ గ్యాలరీకి 5 కోట్ల పౌండ్లు ఇచ్చాడు. క్రికెట్ అంటే ప్రాణం. లార్డ్స్‌లో గుడారాల్లాంటి తెల్ల కప్పుతో మౌండ్ స్టాండ్ చూస్తుంటాం కదా టీవీలో, అది కట్టడానికి డబ్బిచ్చింది ఆయనే. ఇన్నాళ్లూ ఆ స్టాండ్ చూస్తూ పెరిగాను, దాని వెనక ఇంత ఉందని తెలియదు.

విశ్రాంత_ఖాకీ:
మాకు పిల్లాడు దొరికితే ఫైలు మూసేస్తాం. 'బాలుడు తల్లిదండ్రులకు అప్పగింపు' అని ఒక వాక్యం రాసి సంతకం పెట్టిస్తాం. దొరికిన తర్వాత వాడితో మాట్లాడటానికి మనిషి కావాలని మా కాలంలో ఎవరికీ తట్టలేదు. బట్టీ దగ్గర దొరికిన ఆ అబ్బాయి బండిలో నా పక్కనే కూర్చున్నాడు, ఎనిమిది గంటల ప్రయాణం. నేను టీ ఇప్పించాను, బిస్కెట్లు ఇప్పించాను. ఏం జరిగిందని అడగలేదు. ఏడుస్తాడని అడగలేదు.

గోదారిగట్టు:
నిన్న మా వాడితో కూర్చుని మళ్లీ చూశాను. చెవి సీన్ దగ్గర లేచి వెళ్లిపోతాడనుకున్నాను, వెళ్లలేదు. అయిపోయాక వాడు అడిగింది ఒక్కటే: "అమ్మా, జోక్‌గా అన్నాడని వాళ్లకు తెలుసు కదా, మరి ఎందుకు నిజమనుకున్నారు?" నాకు జవాబు రాలేదు. 'నువ్వు ఏం చెప్పినా ముందు నమ్ముతాను, తర్వాత కనుక్కుంటాను' అన్నాను. 'ఊఁ' అని పడుకోవడానికి వెళ్లాడు.

మోడరేటర్:
థ్రెడ్ తెరిచే ఉంచుతున్నాం. ఒక విన్నపం: కొందరు ప్రస్తుతం వార్తల్లో ఉన్న పిల్లల పేర్లు, ఫొటోలు పెట్టారు, తొలగించాం. వెతుకుతున్న కుటుంబాలకు ఇబ్బంది కలిగే వివరాలు దయచేసి ఇక్కడ రాయొద్దు. ఏదైనా సమాచారం ఉంటే నేరుగా పోలీసులకు గానీ 1098కి గానీ చెప్పండి.

సీమబిడ్డ:
ఇంకొక్క మాట. ఆదివారం తమ్ముడు పిల్లలతో ఇంటికి వచ్చినాడు. వానికి ఇప్పుడు ముప్పై నాలుగు. ఈ థ్రెడ్ చూపించినా. ఖాకీ సార్ రాసింది రెండు సార్లు చదివినాడు. నేను అడిగినా, 'ఆ పదకొండు దినాలు యాడుంటివి రా' అని. పద్దెనిమిదేండ్ల తర్వాత.

ఎగ్మోర్ స్టేషన్‌లో నాలుగు దినాలు ఉన్నాడంట. తర్వాత ఒక టిఫిన్ హోటల్లో ప్లేట్లు కడిగినాడంట. రాత్రిపూట హోటలాయన షట్టర్ బయటి నుంచి తాళం వేసేవాడంట, లోపల వీనితో పాటు ఇంకో ఇద్దరు పిల్లోళ్లు. ఒకనిది ఒడిశా అంట, చిన్నోడు, రాత్రంతా ఏడ్చేవాడంట. వీడు ఒక పొద్దున పాలు తీసుకొచ్చే ఆయన వచ్చినప్పుడు షట్టర్ కింద నుంచి దూరి పరిగెత్తినాడు. ఆ చిన్నోడిని పిలిచినాడంట, వాడు రాలేదంట.

అమ్మ వంటింట్లో నుంచి అంతా విన్నది. బయటికి వచ్చి వాని పక్కన కూర్చున్నది. 'ఆ పిల్లోని పేరేమి రా' అని అడిగింది. తమ్ముడు చెప్పినాడు. ఖాకీ సార్, ఆ హోటల్ ఉన్న వీధి వానికి ఇప్పటికీ గుర్తుందంట. ఇన్నేండ్ల తర్వాత ఎవరికి చెప్పాలో మీరు చెప్తారా?

విశ్రాంత_ఖాకీ:
చెప్తానమ్మా. నా నెంబరు మీకు విడిగా పంపాను. తమ్ముణ్ణి చేయమనండి, రాత్రి ఎంతైనా పర్వాలేదు.